ఎర్రనీళ్లు

పెళ్లి చేసుకుని గుమ్మం ముందుకు వచ్చిన కొత్త జంటను ఒక్క నిమిషం ఆపి, పళ్లెంలో ఎర్రనీళ్లు తిప్పి, హారతి ఇచ్చిగాని లోపలికి రానివ్వరు. ఆ నీళ్లలో ఎర్రరంగు ఏదీ కలపరు. పళ్లెంలో నీళ్లు, అందులో చెంచాడు పసుపు, తాంబూలంలో రాసుకునే సున్నం చిటికెడు. అంతే. ఒకటి పచ్చనిది, ఒకటి తెల్లనిది. రెండూ కలిసేసరికి కళ్లముందే నీళ్లు నెత్తురు రంగుకు తిరుగుతాయి. పెళ్లికూతురి పాదాలకు దిద్దే పారాణిలోనూ ఇదే జోడీ.

బడికి వెళ్లే రోజుల్లో నేను ఈ ఎరుపును ఇంకోచోట చూశాను. తెల్లచొక్కా మీద పప్పుచారు ఒలికింది. అమ్మ చూడకముందే ఉతికేద్దామని బట్టల సబ్బు రుద్దాను. పచ్చటి మరక కాస్తా ఎర్రగా, ఇంకా పెద్దగా కనబడింది. చొక్కా పాడైపోయిందని ఏడుపొచ్చింది. అమ్మ నిమ్మచెక్క తెచ్చి పిండితే మళ్లీ పచ్చబడింది. మళ్లీ సబ్బు రాస్తే మళ్లీ ఎరుపు. మరక పోలేదు, వేషం మార్చుకుంటోంది. ఆ మధ్యాహ్నమంతా నూతిగట్టు దగ్గర కూర్చుని చొక్కాతో అదే ఆట ఆడాను. చాలా ఏళ్ల తర్వాత కర్బన రసాయన శాస్త్రం చదువుతున్నప్పుడు, అందులోని అసలు సంగతి ఆ చొక్కా మీదే నాకు కనిపించిందని తెలిసింది.

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. 1815లో ఫోగెల్, పెల్తియే అనే ఇద్దరు దాన్ని పసుపు కొమ్ముల నుంచి వేరుచేశారు. దాని నిర్మాణం తేలడానికి మాత్రం మరో 95 ఏళ్లు పట్టింది. 1910లో మిలోబెండ్జ్‌కా, కోస్టానెట్స్‌కీ, లాంపే దాన్ని కాగితం మీద గీయగలిగారు. అణువు చూడటానికి కావడిలా ఉంటుంది. రెండు చివర్లా రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలుపుతూ ఏడు కార్బన్‌ల గొలుసు. ప్రతి వలయం మీదా ఒక హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్‌కు తగిలించిన హైడ్రోజన్. సున్నం, సబ్బు, చౌడు, చాకలిసోడా వంటి క్షారం ఏది తగిలినా ఆ హైడ్రోజన్ కేంద్రకాన్ని, అంటే ప్రోటాన్‌ను, లాక్కుంటుంది. దాని ఎలక్ట్రాన్ మాత్రం ఆక్సిజన్ దగ్గరే మిగిలిపోతుంది. దాంతో అణువు మీద ఒక ఋణావేశం పడుతుంది. నిమ్మరసం ఆ ప్రోటాన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. చొక్కా మీద నేను ఆడిన ఆటంతా ఇచ్చిపుచ్చుకోవడమే.

అయితే అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఇంత తేలిగ్గా ప్రోటాన్‌ను వదులుకోవడం ఏ అణువుకైనా చేతనవుతుందా? సారాయిలో ఉండే ఇథనాల్‌కూ ఆక్సిజన్, దాని మీద హైడ్రోజన్ ఉన్నాయి. దాన్ని సున్నపు నీళ్లలో పోసినా, సబ్బునీళ్లలో పోసినా చెప్పుకోదగ్గంత ప్రోటాన్ వదలదు. రెండింటిలో ఉన్నదీ అదే ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం. పోయిన ప్రోటాన్ సంగతి అలా ఉంచి, వెనక మిగిలిన ఋణావేశం ఎక్కడ తలదాచుకుంటుందో చూడాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే: ఆవేశానికి తావు దొరికితే అణువు కుదురుగా ఉంటుంది, దొరకకపోతే ఉండలేదు.

ఇంటర్మీడియట్‌లో చేరిన పిల్లలకు ఈ పాఠం వరసల రూపంలో ఎదురవుతుంది. ఏ ఆమ్లం ఎక్కువ బలమైనది, ఏ కార్బోకాటయాన్ ఎక్కువ స్థిరమైనది, ఆరోహణ క్రమంలో రాయండి. ప్రేరేపక ప్రభావం, రెజొనెన్స్, అతిసంయుగ్మం అని మూడు పేర్లు. వాటికి ప్లస్సులు, మైనస్సులు. ఎంసెట్ కోసం వందల వరసలు బట్టీపట్టి, మరుసటి ఏడాదికి అన్నీ మరిచిపోయిన వాళ్లను ఎందరినో చూశాను. వాళ్ల తెలివిలో లోపం లేదు. ఆ మూడు పేర్ల వెనకా ఉన్నది ఒకే కథ అని ఎవరైనా నిదానంగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే వరసలు వాటంతటవే వచ్చేవి.

ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కాబట్టి ఆవేశాన్ని ఇరుకు చోట కుక్కడానికి శక్తి ఖర్చవుతుంది. అదే ఆవేశాన్ని విశాలమైన చోట పరిస్తే ఖర్చు తగ్గుతుంది. పల్లకిని ఇద్దరు మోస్తే భుజాలు విరుగుతాయి, ఎనిమిది మంది మోస్తే పాట పాడుకుంటూ నడుస్తారు. పల్లకి బరువు ఇసుమంతైనా తగ్గదు. అణువు మీద పడిన ఆవేశమూ అంతే. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం ఎప్పుడూ ఒక ఎలక్ట్రాన్ ఆవేశమే. అది ఎన్ని పరమాణువుల భుజాల మీదికి సర్దుకుంటుందన్నదే తేడా.

వంటింటి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంతో లెక్క మొదలుపెడదాం. ఆమ్లం ప్రోటాన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పడానికి రసాయన శాస్త్రజ్ఞులు పీకేఏ అనే కొలత వాడతారు. అంకె ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది. ఒక్కో మెట్టుకు తేడా పది రెట్లు. ఇథనాల్‌కు ఇది దాదాపు 16, ఫీనాల్‌కు 10, ఎసిటిక్ ఆమ్లానికి 4.76. అంటే ఇథనాల్‌తో పోలిస్తే ఫీనాల్ పది లక్షల రెట్లు బలమైన ఆమ్లం. ఎసిటిక్ ఆమ్లమైతే పదివేల కోట్ల రెట్లకు పైనే. మూడింటిలోనూ ప్రోటాన్ వదిలేది ఆక్సిజనే.

ఇప్పుడు ఎసిటిక్ ఆమ్లంలోని కార్బన్ మీద ఒక హైడ్రోజన్ తీసేసి క్లోరిన్ పెడితే పీకేఏ 2.86కు దిగుతుంది. మూడు హైడ్రోజన్‌లనూ తీసేసి మూడు క్లోరిన్‌లు పెడితే 0.7కు దగ్గరవుతుంది. అంటే వెనిగర్ ఆమ్లం కన్నా పదివేల రెట్లకు పైగా బలం. క్లోరిన్‌కు ఎలక్ట్రాన్‌ల మీద ఆశ ఎక్కువ. చలికాలం రాత్రి వరసగా పడుకున్న పిల్లలందరికీ ఒకటే దుప్పటి ఉంటే, చివరివాడు తనవైపు గుంజుకుంటే ఏమవుతుందో తెలుసు కదా. పక్కవాడి దుప్పటి జరుగుతుంది, వాడు ఆ పక్కవాడిది లాగుతాడు. అలా ఆ గుంజుడు బంధాల గుండా ప్రయాణించి ఆక్సిజన్ దాకా చేరుతుంది. ఆక్సిజన్ మీద కిక్కిరిసిన ఋణావేశం కాస్త ఇటు జరిగి పలచబడుతుంది. ఇదే ప్రేరేపక ప్రభావం.

వరసలో దూరం పోయేకొద్దీ దుప్పటి గుంజుడు తగ్గుతుంది. నాలుగు కార్బన్‌ల బ్యుటనోయిక్ ఆమ్లం దీనికి చక్కటి సాక్ష్యం. క్లోరిన్ లేనప్పుడు దాని పీకేఏ 4.82. ఆమ్లపు కొసకు ఆనుకుని ఉన్న కార్బన్ మీద క్లోరిన్ పెడితే 2.86. ఒక కార్బన్ అవతల పెడితే 4.05. ఇంకొకటి అవతల పెడితే 4.52. అంటే ఇంచుమించు ఏమీ లేనట్టే. మూడో ఇంటికి వెళ్లేసరికి ఆ పిలుపు వినబడదు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి, పాఠ్యపుస్తకాలు చాలాకాలం తప్పుగా చెప్పిన ఒక సంగతి చెప్పాలి. మిథనాల్ కన్నా ఇథనాల్, దానికన్నా టెర్షియరీ బ్యుటనాల్ బలహీనమైన ఆమ్లాలు. మిథైల్ గుంపులు ఎలక్ట్రాన్‌లను ఆక్సిజన్ వైపు తోసి ఋణావేశాన్ని ఇంకా ఇరుకున పెడతాయి కాబట్టి ఇలా జరుగుతుందని నేనూ చదువుకున్నాను, పరీక్షల్లో రాశాను. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ బ్రౌమన్, ల్యారీ బ్లేర్ నీటిచుక్క లేకుండా, వాయుస్థితిలో ఈ ఆల్కహాల్‌ల బలాబలాలు కొలిచారు. వరస తలకిందులైంది! టెర్షియరీ బ్యుటనాలే అందరికన్నా బలమైన ఆమ్లం. ఒంటరిగా ఉన్నప్పుడు పెద్ద అణువు తన ఒళ్లంతా ఆవేశాన్ని సర్దుకోగలదు. మిథైల్ గుంపులు అక్కడ సాయమే చేస్తున్నాయి. నీళ్లలోకి వచ్చేసరికి కథ మారుతుంది. నీటి అణువులు ఋణావేశం చుట్టూ మూగి అవీ బరువు పంచుకుంటాయి. చిన్న అణువు దగ్గరికి అవి సులువుగా చేరతాయి, బొద్దుగా ఉన్న అణువు దగ్గరికి చేరలేవు. అన్నాళ్లూ మనం మిథైల్ గుంపు మీద మోపిన నేరం నిజానికి నీళ్ల వల్ల జరిగింది. అణువు గురించి మాట్లాడుతున్నప్పుడు అది ఎవరి మధ్య ఉందో అడగడం నేను ఈ ప్రయోగం గురించి చదివాకే నేర్చుకున్నాను.

దుప్పటి గుంజుకోవడం ఒక పద్ధతి. రెండోది ఇంతకన్నా లోతైనది.

ఎసిటిక్ ఆమ్లంలో కార్బన్‌కు రెండు ఆక్సిజన్‌లు అంటుకుని ఉంటాయి. ఒకదానితో ద్విబంధం, ఒకదానితో ఏకబంధం. ప్రోటాన్ పోయాక ఋణావేశం ఏ ఆక్సిజన్ మీద ఉంది? కాగితం మీద దీన్ని రెండు రకాలుగా గీయవచ్చు. కుడి ఆక్సిజన్ మీద ఆవేశం, ఎడమవైపు ద్విబంధం అని ఒకటి. ఎడమ ఆక్సిజన్ మీద ఆవేశం, కుడివైపు ద్విబంధం అని మరొకటి. పిల్లలు ఈ రెండు బొమ్మలనూ చూసి, ఆవేశం అటూ ఇటూ గెంతుతోందని అనుకుంటారు. మధ్యలో గీసే రెండు మొనల బాణం ఆ భ్రమను ఇంకా పెంచుతుంది. గెంతడం లేదు. నరసింహస్వామి పొద్దున్న నరుడు, సాయంత్రం సింహం కాదు. సగం క్షణం ఇది, సగం క్షణం అది కూడా కాదు. ఆయన ఎప్పుడూ నరసింహుడే. ఆ రూపాన్ని చూడనివాడికి వర్ణించి చెప్పాలంటే మనకు నరుడు, సింహం అన్న రెండు పాత మాటలు కావాలి, అంతే. అలాగే ఆ అయాన్‌కూ ఒకటే రూపం. మన గీతల లిపిలో దానికి తగ్గ అక్షరం లేదు కాబట్టి రెండు బొమ్మలు గీసి, రెండూ కలిసినదేదో అది అంటున్నాం. దీనికే రెజొనెన్స్ అని పేరు.

ఇది వట్టి ఊహ కాదనడానికి కొలతలున్నాయి. ఫార్మిక్ ఆమ్లంలో కార్బన్–ఆక్సిజన్ బంధాలు రెండూ రెండు పొడవులు: ఒకటి దాదాపు 1.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండోది 1.36. ప్రోటాన్ తీసేసి సోడియం ఫార్మేట్ స్ఫటికం చేసి ఎక్స్-కిరణాలతో కొలిస్తే రెండూ 1.27 దగ్గర సమానమైపోతాయి. ఇది పెద్దది, అది చిన్నది అన్న తేడా లేదు. ఆవేశం రెండు ఆక్సిజన్‌ల మీదా సమంగా పరుచుకుంది. ఎసిటిక్ ఆమ్లం ఇథనాల్ కన్నా అన్ని వేల కోట్ల రెట్లు బలంగా ఉండటానికి పెద్ద కారణం ఈ ఇద్దరు బోయీలే.

రెజొనెన్స్ ఎంత శక్తిని ఆదా చేస్తుందో బెంజీన్‌లో కొలిచారు. 1825లో మైఖేల్ ఫారడే దీపాల గ్యాసు మిగిల్చిన నూనెలో నుంచి ఈ ద్రవాన్ని వేరుచేశాడు. 1865లో కెకులే దానికి ఆరు కార్బన్‌ల వలయాన్ని, అందులో ఒకటి విడిచి ఒకటిగా మూడు ద్విబంధాలను గీశాడు. 1929లో కాథ్లీన్ లాన్స్‌డేల్, బెంజీన్‌కు ఆరు మిథైల్ గుంపులు తగిలించిన అణువు స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో పరీక్షించి వలయం బల్లపరుపుగా, భుజాలన్నీ సమానంగా ఉన్నాయని చూపింది. 1936లో హార్వర్డ్‌లో కిస్టియకోవ్‌స్కీ బృందం హైడ్రోజన్ చేర్చినప్పుడు వెలువడే వేడిని కొలిచింది. ఒకే ద్విబంధమున్న వలయం మోల్‌కు 28.6 కిలోకాలరీలు ఇచ్చింది. మూడు ద్విబంధాలకు 85.8 రావాలి. బెంజీన్ ఇచ్చింది 49.8 మాత్రమే. ఆ 36 కిలోకాలరీల వేడిని బెంజీన్ ఇవ్వలేకపోవడం కాదు, అది ముందే ఆ మేరకు కింది మెట్టు మీద కూర్చుని ఉంది. ఎలక్ట్రాన్‌లు మూడు జంటలుగా గదుల్లో తలుపులేసుకోకుండా వలయమంతా పరుచుకోవడం వల్ల దక్కిన నెమ్మది అది.

ఫీనాల్ సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. దీన్నే పాతకాలంలో కార్బాలిక్ యాసిడ్ అనేవారు. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా ఉండటానికి వాడింది ఇదే. అందులో ఆక్సిజన్ బెంజీన్ వలయాన్ని ఆనుకుని ఉంటుంది. ప్రోటాన్ పోగానే మిగిలిన ఋణావేశం వలయంలోకి జారుతుంది. అయితే వలయంలో అన్ని కార్బన్‌ల మీదికీ కాదు. ఆక్సిజన్ ఉన్న చోటుకు పక్కనున్న రెండింటి మీదికి, సరిగ్గా ఎదురుగా ఉన్న ఒకదాని మీదికి మాత్రమే చేరగలదు. ఇది తేల్చుకోవడానికి ఒక అందమైన పరీక్ష ఉంది. ఎలక్ట్రాన్‌లను బాగా లాగే నైట్రో గుంపును వలయం మీద వేర్వేరు చోట్ల పెట్టి చూడండి. ఆవేశం చేరలేని చోట పెడితే పీకేఏ 10 నుంచి 8.4కు దిగుతుంది. అది వట్టి దుప్పటి గుంజుడు. సరిగ్గా ఎదురుగా పెడితే 7.15కు పడుతుంది. దూరం ఎక్కువైనా బలం పెరిగింది! ప్రేరేపక ప్రభావం ఒక్కటే ఉంటే ఇది జరగకూడదు. ఎదురుగా ఉన్నప్పుడు ఆవేశం వలయం దాటి నైట్రో గుంపులోని ఆక్సిజన్‌ల దాకా నడిచి వెళ్లి అక్కడ కూర్చోగలుగుతోంది. ఆవేశం చేరగలిగిన మూడు చోట్లా మూడు నైట్రో గుంపులు పెడితే వచ్చేది పిక్రిక్ ఆమ్లం. దాని పీకేఏ 0.4 దగ్గర. పేరుకు ఫీనాలే గాని, బలంలో వెనిగర్‌ను ఎక్కడో వెనక వదిలేసింది.

ఇంతవరకూ ఋణావేశం మాట. ధనావేశానికీ ఇదే ధర్మం వర్తిస్తుంది. కార్బన్ మీద ధనావేశం ఉంటే దాన్ని కార్బోకాటయాన్ అంటారు. దీని చరిత్ర మన హారతి పళ్లెంలోనే ఉంది. ఎర్రనీళ్ల పక్కన వెలిగే కర్పూరం ఇవాళ చాలావరకు కర్పూర వృక్షం నుంచి రావడం లేదు. పైన్ చెట్ల జిగురు నుంచి తీసే టర్పెంటైన్‌తో కర్మాగారాల్లో తయారవుతోంది. టర్పెంటైన్‌లోని పైనీన్‌కు, కర్పూరానికి పది కార్బన్‌లే గాని, వాటి ఎముకల గూళ్లు వేరు. ఒక గూడు ఇంకో గూడుగా ఎలా మారుతుందన్నది చాలాకాలం చిక్కుముడి. 1922లో జర్మనీలో హాన్స్ మేర్వైన్ కర్పూరానికి దగ్గరి చుట్టాలైన, క్లోరిన్ ఉన్న అణువుల్లో ఇలాంటి మార్పును పరిశీలించాడు. ద్రావణి అయాన్‌లకు అనుకూలంగా ఉన్నకొద్దీ మార్పు వేగం పెరగడం చూశాడు. దీన్నిబట్టి క్లోరిన్ ఋణ అయాన్‌గా విడిపోతోందని, వెనక కార్బన్ మీద ధనావేశం మిగులుతోందని, పక్క బంధమొకటి ఆ లోటు పూడ్చడానికి జరిగి వస్తోందని చెప్పాడు. ఆవేశం మరింత కుదురైన చోటు వెతుక్కుంటూ పోతుంటే గూడే మారిపోతోందన్నమాట. కంటికి కనబడని, సీసాలో పట్టుబడని ఆ అయాన్‌ను నమ్మడానికి చాలామంది వెనకాడారు.

దాన్ని సీసాలో పట్టినవాడు జార్జ్ ఓలా. బుడాపెస్ట్‌లో పుట్టి, 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ విడిచి కెనడా చేరాడు. ధనావేశమున్న కార్బన్ తన లోటు తీర్చుకోవడానికి ఎదురుగా ఏ ఎలక్ట్రాన్ జంట దొరికినా లాక్కుంటుంది. నీళ్లు, ఆల్కహాల్, ఏదైనా సరే. అందుకే అది క్షణంలో మాయమవుతుంది. ఓలా దానికి ఇచ్చేందుకు ఏమీ మిగలని ద్రవాలను ఎంచుకున్నాడు. యాంటిమొనీ పెంటాఫ్లోరైడ్‌తో చేసిన అతిబలమైన ఆమ్లాలవి. 1962లో వాటిలో టెర్షియరీ బ్యుటైల్ కాటయాన్‌ను నింపాదిగా నిలిపి, ఎన్ఎమ్ఆర్ యంత్రంలో దాని సంతకాన్ని చూపించాడు. ఈ పరిశోధనలకు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1966లో, ఓలా అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు మారాక జరిగింది. ప్రయోగశాలలో క్రిస్మస్ వేడుక అయ్యాక మిగిలిన కొవ్వొత్తి ముక్కను ఆయన దగ్గర పనిచేసే ఒక యువ పరిశోధకుడు ఆ ఆమ్లంలో వేశాడు. కొవ్వొత్తి మైనం అంటే పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు, దేనితోనూ చర్య జరపని మొద్దు అణువులు. ఆమ్లంలో మైనం కరిగిపోయింది! ఆ ద్రావణాన్ని ఎన్ఎమ్ఆర్‌లో పెడితే వచ్చిన సంతకం టెర్షియరీ బ్యుటైల్ కాటయాన్‌ది. ఆ ఆమ్లానికి మ్యాజిక్ యాసిడ్ అన్న పేరు అప్పుడే స్థిరపడింది.

ఎందుకు టెర్షియరీ బ్యుటైలే? మైనంలో అలాంటి కొమ్మల అమరిక లేదు, గొలుసులన్నీ నిటారైనవి. అంత బలమైన ఆమ్లంలో గొలుసులు తెగి, ముక్కల మీద ధనావేశం పడి, ఆవేశం ఇక్కడి నుంచి అక్కడికి, గూడు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతూ, చివరికి తమకు దొరికిన అన్నింటికన్నా లోతైన గుంటలో నిలిచిపోయాయి. వాననీళ్లు ఎన్ని దారులు తిరిగినా చెరువుకే చేరినట్టు. ఆ కాటయాన్‌లో ధనావేశమున్న కార్బన్ చుట్టూ మూడు మిథైల్ గుంపులుంటాయి. వాటిలో తొమ్మిది కార్బన్–హైడ్రోజన్ బంధాలు. ఒక్కో బంధం తన ఎలక్ట్రాన్‌లను కొద్దిగా మధ్య కార్బన్ వైపు వంచుతుంది. ఇదే అతిసంయుగ్మం. పేరు భయపెట్టేలా ఉన్నా, జరిగేది చుట్టూ ఉన్నవాళ్లు తలో చేయి వేయడమే. ఎలక్ట్రాన్‌లు అటు వంగడం వల్ల మధ్య కార్బన్‌కు, మిథైల్ గుంపులకు నడుమ బంధాలు కూడా బిగుసుకుంటాయి. మామూలుగా 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లుండే బంధం ఇక్కడ 1.44 దగ్గరే ఉంది. సాయం చేసే మిథైల్ ఒక్కటీ లేని మిథైల్ కాటయాన్‌ను పుట్టించాలంటే మీథేన్ నుంచి హైడ్రైడ్‌ను, అంటే ఎలక్ట్రాన్ జంటతో సహా హైడ్రోజన్‌ను, పీకడానికి మోల్‌కు 310కి పైగా కిలోకాలరీలు కావాలి. టెర్షియరీ బ్యుటైల్‌కైతే 230 చాలు. పరీక్షల్లో రాసే ఆ ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ వరస వెనక ఉన్నది ఈ 80 కిలోకాలరీలు.

ధనావేశానికి రెజొనెన్స్ తోడైతే అది నీళ్లలోనూ బతుకుతుంది. నోటిపూతకు, పుండ్లకు ఊళ్లలో కంపౌండర్లు దూదితో అద్దే ఊదారంగు మందు జెన్షియన్ వయొలెట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1884లో క్రిస్టియన్ గ్రామ్ బ్యాక్టీరియాను రెండు వర్గాలుగా విడదీసే పరీక్షకు వాడింది దీన్నే. అందులో ఉన్నది ఒక కార్బోకాటయాన్! మధ్య కార్బన్ చుట్టూ మూడు బెంజీన్ వలయాలు, ప్రతి వలయానికీ ఎదురు కొసన ఒక నైట్రోజన్. నైట్రోజన్‌కు కార్బన్ కన్నా ఎలక్ట్రాన్‌ల ఆశ ఎక్కువే. దుప్పటి తనవైపే గుంజుకుంటుంది. కానీ దాని దగ్గర వాడకుండా ఉన్న ఎలక్ట్రాన్ జంట ఒకటుంది. దాన్ని వలయం గుండా మధ్య కార్బన్ దాకా పంపగలదు. ఒక చేత్తో లాగి, రెండో చేత్తో అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. నైట్రోజన్‌లు లేని ట్రైఫీనైల్‌మిథైల్ కాటయాన్ మామూలు నీళ్లు తగలగానే నీటి అణువును పట్టుకుని ఆల్కహాల్‌గా మారిపోతుంది. అది సగమన్నా మిగలాలంటే ద్రావణం బలమైన సల్ఫ్యూరిక్ ఆమ్లంలా ఉండాలి. ఊదారంగు మందులో సగం మారడానికి మాత్రం పీహెచ్ 9 దాటాలి. రెండింటికీ తేడా 1 పక్కన 16 సున్నాలు పెట్టినంత. మూడు నైట్రోజన్ గుంపులు చేసిన పని అది. మందు సీసా అలమరలో ఏళ్ల తరబడి రంగు తగ్గకుండా ఉండటం వాటి చలవే.

ఆ మూడు వలయాల గూటిలోనే 1900లో మిషిగన్‌లో మోజెస్ గోంబర్గ్ మూడో రకాన్ని చూశాడు. ధనావేశమూ కాదు, ఋణావేశమూ కాదు, జత లేని ఒంటరి ఎలక్ట్రాన్. కార్బన్‌కు ఎప్పుడూ నాలుగు బంధాలే ఉంటాయన్న కాలంలో మూడు బంధాలతో నిలిచిన కార్బన్ అది. ఒంటరి ఎలక్ట్రాన్ వలయాల మీదికి పరుచుకోవడం కొంత, వలయాలు పంకా రెక్కల్లా మెలికపడి ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం కొంత దాన్ని కాపాడాయి. రెండోదే ఎక్కువని నా నమ్మకం. ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ లాంటి చిన్న అణువు మాత్రం సందు చూసుకుని లోపలికి దూరిపోయింది. గోంబర్గ్ గాలి తగలకుండా ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేయవలసి వచ్చింది.

ఇప్పుడు చొక్కా దగ్గరికి తిరిగి వద్దాం. కర్క్యుమిన్ గొలుసు మధ్యలో రెండు కీటోన్‌లు ఉంటాయని చాలాచోట్ల రాస్తారు. నిజానికి వాటిలో ఒకటి హైడ్రోజన్‌ను తన ఆక్సిజన్ మీదికి తెచ్చుకుని ఈనాల్ రూపంలో ఉంటుంది. ఎసిటోన్‌లో ఇలా మారే అణువులు కోటికి ఒకటి కూడా ఉండవు. కర్క్యుమిన్‌లో ఇదే ప్రధాన రూపం. అలా మారితేనే ఈ కొస వలయం నుంచి ఆ కొస వలయం దాకా ఏకబంధం, ద్విబంధం, ఏకబంధం అని ఒకే తోవ పడుతుంది. ఎలక్ట్రాన్‌లకు నడిచే దారి మధ్యలో తెగదు. అందుకే అది 425 నానోమీటర్ల దగ్గరి నీలి ఊదా కాంతిని మింగి మనకు పచ్చగా కనబడుతుంది. సబ్బు తగిలి ప్రోటాన్ పోయాక, మిగిలిన ఋణావేశం ఆ దారంతా పరుచుకుంటుంది. ఎలక్ట్రాన్‌ల పట్టు మరింత సడలుతుంది. వాటిని పై మెట్టుకు ఎక్కించడానికి ఇప్పుడు తక్కువ శక్తి చాలు. అణువు మింగే కాంతి నీలం దాటి ఆకుపచ్చ వైపు జరుగుతుంది, మిగిలింది ఎరుపు. ఎర్రనీళ్ల ఎరుపు, ఒక ఋణావేశం అణువు పొడవునా కాళ్లు చాపుకున్నప్పటి రంగు.

అంత కుదురుగా ఉన్న అణువు కలకాలం ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండదు. శరీర ఉష్ణోగ్రత దగ్గర, పీహెచ్ 7.2 ఉన్న ద్రావణంలో కర్క్యుమిన్ అరగంటలో పదింట తొమ్మిది పాళ్లు మాయమవుతుందని 1997లో ప్రచురించిన కొలతలు చూపాయి. ఆమ్లంలో ఉంచితే అదే అణువు చాలాసేపు నిలుస్తుంది. స్థిరత్వం అనే మాట వాడినప్పుడల్లా దేనితో పోల్చి, ఎవరి ఎదుట అని అడగాలి. ప్రోటాన్ వదిలేటప్పుడు ఆవేశాన్ని పరుచుకోగలగడం వరమైంది. కానీ అలా సడలిన ఎలక్ట్రాన్‌లలో ఒకదాన్ని ఆక్సిజన్ అడిగితే ఇచ్చేయడం కూడా అంతే సులువు. ఇచ్చాక గోంబర్గ్ చూసిన లాంటి ఒంటరి ఎలక్ట్రాన్ మిగులుతుంది, అది కూడా అదే దారిలో హాయిగా పరుచుకుంటుంది. అక్కడి నుంచి ఆక్సిజన్ వచ్చి చేరడం, గొలుసు మడతపడటం, విరగడం మొదలవుతాయి. ఉతికి ఎండలో ఆరేసిన చొక్కా మీద పసుపు మరక రెండు రోజుల్లో వెలిసిపోవడం అందరం చూసిందే. అక్కడ ఎలక్ట్రాన్‌ను కదిలించే పని వెలుతురు చేస్తుంది.

క్షారంలో కర్క్యుమిన్ విరిగినప్పుడు వచ్చే ముక్కల్లో వనిల్లిన్ ఒకటి. ఐస్‌క్రీమ్‌లో వెనిలా వాసన దానిదే. కావడికి ఒక కొసన వేలాడిన వలయం, దాని హైడ్రాక్సిల్‌తో సహా విడిపోయి, తెగిన చోట ఆల్డిహైడ్ గుంపును తగిలించుకుంటే వనిల్లిన్. ఆ ఆల్డిహైడ్ హైడ్రాక్సిల్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అందువల్ల ప్రోటాన్ పోయాక మిగిలే ఆవేశం వలయం దాటి ఆల్డిహైడ్ ఆక్సిజన్ దాకా వెళ్లగలదు. ఆల్డిహైడ్ లేని ఇదే వలయం పీకేఏ 10, వనిల్లిన్‌ది 7.4. గుమ్మం ముందు పారబోసిన ఎర్రనీళ్ల తడి ఆరుతూ, ఎరుపు మెల్లగా గోధుమరంగులోకి దిగుతున్నప్పుడు, ఆ మరకలో ముక్కుకు అందనంత కొద్దిగా వనిల్లిన్ ఉంటుంది. అప్పటికింకా సున్నం ఘాటు మిగిలి ఉంటే, దాని ప్రోటాన్ కూడా పోయి ఉంటుంది.